దిగినా దిగని బరువు

జూలూరుపాడు షెడ్డులో మెకానిక్ అతీక్ కారు కిందికి దూరాడు. కిరాయి డ్రైవర్ వీరభద్రం పక్కనే గొంతుక్కూర్చుని, తాను చేసిన పని బయటపడకూడదని మొక్కుకుంటున్నాడు.

"ఖాళీ బండికి బ్రేక్ కొడితేనే ఎనక జారుతుందా?"

"అవ్ భాయ్. నిన్న అడివి మలుపుల బర్రె అడ్డమొస్తే, బండి మొత్తం అడ్డం తిరిగింది."

"మంది కూసుంటే?"

"మంచిగనే ఆగుతది."

"దొరికింది! ఎనక ఇరుసు కాడ ఈ కడ్డీ ఉంది సూడు, ఎనక బరువు పడితే ఇది పైకి లేస్తది, అప్పుడే ఎనక బ్రేక్ గట్టిగ పట్టాలె. దీన్ని పైకి లేపి తీగతోని కట్టిందెవరు?"

"ఆ కడ్డీ టకటక కొడుతుందని ఎనక కూసున్న మా అత్తమ్మ ఒకటే సణుగుడు..."

"ఆమె కట్టిందా?"

"నేనే."

"ఇంకేంది! ఆమె దిగిపోయినా, ఇంకా ఎనకాల్నే కూసుందని బండి అనుకుంటుంది."

తీగ విప్పి, చప్పుడు రాకుండా కడ్డీకి కొత్త రబ్బరు బుష్ వేసి, ఇద్దరూ రోడ్డు మీద ఒక చక్కరు కొట్టి వచ్చారు. ఖాళీ బండి ఎక్కడ బ్రేక్ తొక్కితే అక్కడే, తిన్నగా ఆగింది.

"చూసినవా? ఆమె దిగిందని బండికి తెలిసిపోయింది."

"బండికి తెలిసింది భాయ్. ఆమె ఊరికి పోయి వారమైంది, నేనింకా ఇంట్ల మెల్లగనే నడుస్తున్న."