ప్రోగ్రాం మొదట వెతికిన ఫైలు

మధ్యాహ్నం భోజనాల వేళ, వరద అంచనాల కేంద్రంలో పెద్ద సైంటిస్టు గది. ఎదురుగా కూర్చున్నది అక్కడే ఇంజినీరుగా చేస్తున్న ఆయన కూతురు. కూర్చోమని ఆయన అనలేదు.

“సంతకం తర్వాత పెడుదువుగాని నాన్నా. ముందు నే చెప్పేది విను.”

“ఆఫీసులో నాన్నా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?”

“సరే సార్. ఈ కాగితంలో ‘ప్రోగ్రాం రాసినవారు’ అన్నచోట మీ పేరుంది.”

“మరెవరి పేరుంటుంది? ఇరవై ఎనిమిదేళ్లుగా నది ఎక్కడ పొంగుతుందో చెప్తోంది నా ప్రోగ్రామే.”

“దానికి సొంత డిస్కులో ఫైళ్లు తప్ప ఇంకేవీ తెరవడం రాదు. వాన లెక్కలేమో ఇప్పుడు నలభై ఊళ్ల కంప్యూటర్లలో ఉన్నాయి. మీరు రాసిన అసలు కోడు, ఆ సోర్సు ఇస్తే పది లైన్లు మార్చేస్తానన్నాను.”

“పోయిందన్నానుగా! డిస్కు పాడైంది, పోయింది.”

“పోయిందన్నారనే కదా, రెండేళ్లు తల బద్దలు కొట్టుకుని మధ్యలో ఉండే ఈ పొర రాశాను! మీ ప్రోగ్రాం ఏ ఫైలడిగినా అది మధ్యలో పట్టుకుని, దూరం నుంచి తెచ్చి, ఇదిగో నీ డిస్కులోదే అని నమ్మించి ఇస్తుంది.”

“బ్రహ్మాండంగా ఉంది. అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా. ఇంకేం కావాలి?”

“ఏమేం అడిగిందో కూడా అది రాసిపెడుతుంది.”

“రాసిపెట్టనీ.”

“వాన లెక్కల కంటే ముందు ఇంకో ఫైలు అడుగుతోంది. నది అడుగు ఎంత గరుకో చెప్పే చిన్న ఫైలు. దొరక్కపోతే కిక్కురుమనకుండా తన లోపలే ఉన్న అంకెతో సాగిపోతోంది. అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ తెలీలేదు.”

“పాత ప్రోగ్రాం. ఏవేవో అడుగుతుంది.”

“ఎవరి ఫోల్డర్లో వెతుకుతోందని అడగరా?”

“నాకు మీటింగుంది.”

“అమ్మ ఫోల్డర్లో. పెళ్లికి ముందు ఇంటిపేరుతో.”

“...తలుపు వెయ్యి.”

“వేసే ఉంది.”

“చూడమ్మా, అప్పుడు తనని టైపు చెయ్యమని ఉంటాను...”

“టైపా? ఇంట్లో అమ్మ నీ లాప్‌టాప్ ముట్టుకుంటే ‘నీకేం తెలుసు, పాడు చేస్తావ్’ అంటావే! సిగ్గుగా లేదూ?”

“అప్పుడు ఇక్కడ తనది టెంపరరీ ఉద్యోగం, నాది పర్మనెంటు. నా పేరు పెడితే పైవాళ్లు పట్టించుకుంటారని... ఇద్దరం అనుకునే పెట్టాం.”

“ఇద్దరూ అనుకున్నారా?”

“అనుకున్నట్టే. అంతలో నువ్వు కడుపున పడ్డావ్, తను మానేసింది. ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం? వచ్చే నెల రిటైరవుతున్నాను. కన్నకూతురివి, నా పరువు తీస్తావా?”

“పొద్దున అమ్మనడిగాను.”

“అడిగేశావా! ఏమంది? ఏడ్చిందా?”

“నవ్వింది. ‘సోర్సు పోయిందని చెప్పి నీచేత రెండేళ్లు ఇంత చాకిరీ చేయించారా’ అంది.”

“పోయిందనే కదా... అంటే?”

“అమ్మ రోజూ నీకు ఇస్త్రీ చొక్కా తీసిచ్చే బీరువా అరలో, అడుగునే ఉంది నాన్నా, సోర్సు మొత్తం. మానేసిన రోజున తెచ్చుకుందట. నువ్వు ఒక్కసారి నోరు తెరిచి అడిగితే ఇచ్చేద్దామని అప్పట్నుంచీ చూస్తోందట.”