మల్ల రోడ్డెక్కిన కారు

ఆదిలాబాద్‌ల కొత్తగ వెట్టిన వీడియో గేముల దుకాణం. ముసురు వట్టి గిరాకీ లేని పొద్దున, జీపు నడిపే మనిషొకడు మొదటిసారి కారు ఆట ముంగట కూసున్నడు. దుకాణపాయన పక్కన నిలవడి నేర్పిస్తుండు.

"అయ్యో తమ్మీ, పడ్డది! లోయల వడ్డది!"

"పడనియ్యన్నా. స్టీరింగ్ ఎందుకు ఇడిసిపెట్టినవ్? సూడు, మల్ల రోడ్డు మీదికి అదే వచ్చింది."

"ఎట్ల వచ్చింది? దానికి గీత సుత పడలే!"

"గేమ్ గదన్నా. నిజం లెక్క ఉంటే ఎవలాడుతరు?"

"నిజం లెక్కనే ఉన్నది. గా మలుపు అచ్చం నిర్మల్ ఘాటు రోడ్డుదే. మరి లోపటున్నోళ్లేరి?"

"లోపట ఎవ్వలుండరన్నా."

"ఉంటరు. ఎనుక సీట్ల పలక వట్టుకొని చిన్న పిల్ల కూసున్నది. బాసరల అక్షరాలు దిద్దిస్తమని దాని అవ్వ నాయిన తోల్కపోతుండ్రు."

"అన్నా... పోయినేడు ఘాటుల వడ్డ జీపు... అది నీదా?"

"నాదే. నన్నొక్కన్నే బైటికి ఇసిరేసింది."

"యా అల్లా! లే అన్నా, లే. చాయ్ తాగుదాం పా."

"ఆగు. ఇంకొక్కసారి ఆడనియ్యి."

"గింత నిమ్మలంగనా? అన్ని కార్లు నిన్ను దాటిపోతున్నయ్. టైం అయిపోతది."

"పోనియ్యి. మలుపు కాడ కొడ్దామంటే హారన్ ఏది దీనికి?"

"హారన్ ఉండదన్నా. అగో, అయిపోయింది. ఓడిపోయినవ్. ఇగ లే."

"ఓడిపోనీ తమ్మీ. బండి పక్కకు ఆపిన. జర ఉండు, పిల్ల దిగుతున్నది."