ఎనిమిదో బుట్ట

రాజమండ్రిలో గోదావరి గట్టు పక్క పార్కు. గొలుసులు వేలాడే ఇనుప బుట్టల్లోకి డిస్కులు విసిరే ఆట అక్కడ చలికాలం మాత్రమే ఉంటుంది. ఆఖరి రోజు సాయంత్రం, ఏడో బుట్ట దగ్గర ఒక పెద్దాయన సంచి సర్దుకుంటుంటే స్నేహితుడి కూతురు వచ్చి నిలబడింది.

“అప్పుడే వెళ్ళిపోతున్నారేంటి బాబాయ్? ఎనిమిదోది ఆడరా?”

“ఈ చలికాలమంతా ఇక్కడిదాకానే ఆడుతున్నానమ్మా.”

“నిన్న నాన్న సంవత్సరీకాలకి వస్తారని చూశామండి.”

“వచ్చాను. మీ వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగాను.”

“ఏడాది వెళ్ళేదాకా ఆటల జోలికి వెళ్ళొద్దంది అమ్మ. అందుకే ఇవాళ వచ్చాను. ఎనిమిదోది ఎందుకు ఆడరు?”

“పోయినేడు ఏడోది అయ్యేసరికి చీకటి పడింది. మిగతాది రేపు ఆడదాం అన్నాడు మీ నాన్న. తెల్లారేసరికి కబురొచ్చింది.”

“తెలుసండి.”

“ఆ ఏడోది గెలిచింది వాడమ్మా. గెలిచినవాళ్ళే తర్వాతి బుట్టకి ముందు విసరాలి. వాడికంటే ముందు నేనెలా విసరను?”

“రేపు బుట్టలు తీసేస్తారు కదండీ.”

“తీసేస్తారు.”

“నాన్న డిస్కు తెచ్చాను. ఆయన బదులు నేను విసరొచ్చా?”

“నీకు రాదుగా.”

“రాదండి.”

“పర్లేదు, విసురు. వాడికీ అంతంతమాత్రమే.”

పసుపు రంగు డిస్కు కాస్త దూరం ఎగిరి ఎడమకి వాలిపోయింది.

“పొదల్లో పడింది బాబాయ్.”

“మీ నాన్నదీ ఎప్పుడూ అటే పోయేది.”

“నాన్న వంతు అయిపోయిందండి. ఇంక మీరు విసరండి.”