బుధవారం ఒక్కటే ఖాళీ

ఆదివారం పొద్దున తాండూరులో వికారాబాద్ పాసింజరు ఎక్కిన మల్లీశ్వరికి, తొమ్మిదేళ్ళ కూతురు సింధుజకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురు సీటులో, ఒళ్ళో కందిపప్పు సంచితో, శాంతవ్వ.

"పండనియ్యరాదు బిడ్డా, తల ఎట్ల వాలిపోతున్నదో చూడు."

"ఇప్పుడు పంటె క్లాసుల తూగుతదవ్వా. ఏయ్ సిందూ, లే! ముద్రలు ఒకసారి చెప్పు."

"పతాక... త్రిపతాక... అర్ధ... అర్ధ..."

"అర్ధ? ఏందది?"

"అర్ధాకలి. ఇడ్లి తింటనే అమ్మా."

"నవ్వకవ్వా, నువ్వు నవ్వితె ఇంక ఎక్కువ చేస్తది. ఇగో, తిను."

"గీ డాన్సుకు వికారాబాద్ దాంక పోవాల్నా? తాండూర్ల లేరా నేర్పెటోళ్ళు?"

"ఉన్నరు. మా ఇంటెనకనే ఒకామె ఉన్నది."

"మరి?"

"...ఈ మేడం మంచిగ చెప్తది."

"ఇంకేమేం నేర్పిస్తున్నవ్?"

"సోమవారం, శుక్రవారం అబాకస్. పూసలు జరుపుకుంట లెక్కలు చేసుడు. మంగళవారం కరాటె. గురువారం, శనివారం చేతిరాత. బుధవారం ఒక్కటే ఖాళీ."

"మరిచిపోయినవేమో."

"ఏందవ్వా, నువ్వు గూడ!"

"మరి ఆడుకునుడెప్పుడు?"

"డాన్సంటె ఆడుకునుడే కద."

"మా మేకలను గూడ పగటేల జర నీడకు మలుపుతం బిడ్డా."

"దానికే ఇష్టమవ్వా. నేనేం బలవంతం చేస్తలే. కావాల్నంటె అడుగు."

"అడుగుత. ఏం బిడ్డా, నీకు..."

"ఇదేంది, ధారూర్ల ఇంతసేపు ఆగింది! ఎక్స్‌ప్రెస్సుకు దారిచ్చిండ్రేమో. నీళ్ళు పట్టుకొస్త. అవ్వా, జర పిల్లను చూడు."

"ఓ పిల్లా, ఉరుకకు... పోయింది మీ అమ్మ. అడుగుమన్నది, ఉరికింది! చెప్పు బిడ్డా, ఇష్టమేనా?"

"ఇష్టమే."

"నా మొకం చూసి చెప్పు."

"...కాళ్ళు గుంజుతయవ్వా. కరాటెల గూడ కాళ్ళే. చేతిరాతల చెయ్యి."

"అయితె మీ అమ్మ రాంగనే గట్టిగ చెప్త. అన్ని మానిపియ్యమని..."

"వద్దు! వద్దవ్వా, నీకు దండం పెడ్త!"

"ఎందుకే? కొడ్తదా?"

"అమ్మ కొట్టది. అమ్మ... అమ్మ ఎటు పోతనన్నా నాయనమ్మ 'ఎందుకు' అంటది. కూరగాయలు నాయిననే తెస్తడు. అమ్మమ్మ తానకు పోతనంటె 'మొన్ననే పొయ్యొచ్చినవ్ గద' అంటది. క్లాసంటె మాత్రం ఏమనది. ఆడపిల్లను ఒక్కదాన్ని పంపొద్దు, ఎంబడి పో అని తనే తోలుతది. మా మనుమరాలు వికారాబాద్ పోతదని వాడంత చెప్పుకుంటది."

"ఓహో... మరి నువ్వు లోపల ఆడుతుంటె మీ అమ్మ ఏం చేస్తది?"

"ఏం చెయ్యది. మెట్ల మీద చెప్పులిడిచి కూసుంటది. పల్లీలు కొనుక్కుంటది. నేను కిటికీల నుంచి చూస్త. ఒక్కతే ఉంటది గని, నవ్వుతుంటది."

"నీకు తెలుసని అమ్మకు ఎరికేనా?"

"ఎరికలేదు. నువ్వు చెప్పకు. అగో, వస్తున్నది! అవ్వా, గట్టిగ చెప్తనన్నవ్ గద?"

"ఏం చెప్పాలె బిడ్డా?"

"కీబోర్డు వాయించుడు గూడ నేర్పియ్యమని. అది బుధవారం ఉంటదట."