జారుడుబల్ల మీద తాతయ్య

"నువ్వు జారి చూపిస్తేనే నేనూ జారతా" అని మనవరాలు పేచీ పెట్టడంతో తాతయ్య పార్కులో జారుడుబల్ల ఎక్కి కూర్చున్నాడు. కిందకి చూసేసరికి గుండె గుభేలుమంది.

"జారవేం తాతయ్యా?"

"ఉండవే తల్లీ, కాస్త ఊపిరి తీసుకోనీ."

"భయమేస్తోందా?"

"భయమా, నాకా? మోకాళ్లే మొరాయిస్తున్నాయి. మెట్ల మీంచి దిగొచ్చేస్తాలే."

"మెట్లు ఎక్కడానికే, దిగడానికి కాదని నిన్న నామీద కేకలేశావుగా?"

"అన్నీ గుర్తుపెట్టుకుంటావే గడుగ్గాయీ!"

"కళ్లు మూసుకో. కింద నేను పట్టుకుంటాగా."

తాతయ్య కళ్లు మూసుకుని జర్రున జారి ఇసుకలో కూలబడ్డాడు. ఒళ్లు దులుపుకుంటూ లేచి, గబగబా మళ్లీ మెట్ల దగ్గరికే నడిచాడు. మనవరాలు అప్పటికే మొదటి మెట్టు మీద ఉంది.

"కాస్త జరగమ్మా, ఇంకొక్కసారి!"

"లైన్లో రా తాతయ్యా. ఇప్పుడు నా వంతు."