కొక్కెం లేని గాలం

కానమారా కొండల నడుమ సరస్సు. ఆగస్టు నెల, పొద్దున్నే సన్నటి వాన. పడవలో గాలం కర్ర పట్టుకుని తండ్రి ఫెస్టస్, తెడ్లు పట్టుకుని కూతురు నోరీన్.

"తెడ్డు అలా పొడవకు పిల్లా. నీళ్ళకి నొప్పెడుతుంది."

"ఎన్నేళ్ళయింది నాన్నా నేను తెడ్డు పట్టి. గాల్వే ఆసుపత్రిలో మా నర్సుల చేత పడవలు నడిపించరు."

"మరి ఇవాళెందుకు ఎక్కావు? నీకు నీళ్ళంటేనే పడదుగా."

"ఊరికే. కాసేపు నీతో కూర్చుందామని."

"మీ అమ్మ పంపిందా?"

"అమ్మ పంపితే తప్ప నేను రాకూడదా?"

"పంపిందన్నమాట. ఏం చెప్పమంది? రోజూ వానలో తడిసి దగ్గు తెచ్చుకుంటున్నాడు, మానెయ్యమను అందా?"

"చెప్తాను, ఆగు. ముందు నువ్వు గాలం వెయ్యి. అదిగో, ఆ రాయి పక్కన ఎగిరింది."

"చూశాను. సముద్రపు ట్రౌటు చేప. నిన్న పోటు మీద ఏట్లోకొచ్చి, రాత్రికి ఇక్కడికి ఎక్కి ఉంటాయి. ఒంటి మీద ఉప్పు కూడా పోయి ఉండదు."

"వెయ్యి మరి."

"వేశాగా."

"అటు కాదు, ఇటు. చేప ఇటుంటే అటు వేస్తావేంటి? చిన్నప్పుడు తమ్ముడు కోల్మన్ అలా వేస్తే మొట్టికాయ వేసేవాడివి."

"ఈ గాలికి ఇంతే పడుతుంది."

"గాలి నీ వెనకనుంచే వీస్తోంది నాన్నా. ఏదీ, ఆ గాలం ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇవ్వు చూద్దాం. ఇదేంటి? ఎరకి కట్టిన ఈకలే ఉన్నాయి. కొక్కెం ఏది?"

"విరిచేశాను."

"కొక్కెం లేకుండా చేపలెలా పడతావు?"

"పట్టను. రోజూ కర్ర లేకుండా ఈ నీళ్ళ మీదికి వస్తే జనం జాలిగా చూస్తారు. కర్ర ఉందనుకో, 'ఏమైనా పడ్డాయా ఫెస్టీ?' అంటారు. 'లేదు' అంటాను. అక్కడితో అయిపోతుంది."

"అమ్మ కూడా నువ్వు చేపలకే వస్తున్నావనుకుంటోందా?"

"మీ అమ్మ అడగదు. నేను తెచ్చినా వండదు. కోల్మన్ నీళ్ళలో పోయిన దగ్గర్నుంచి ఈ సరస్సు చేప ఊళ్ళో ఎవరింట్లోనూ పొయ్యి ఎక్కలేదు. సాల్మన్లు పడుతూనే ఉన్నాయి. బయటినుంచొచ్చే దొరలు పట్టుకుంటారు, హోటల్లో వండించుకుంటారు. మనవాళ్ళు మాత్రం ఇంత నీళ్ళు పక్కన పెట్టుకుని డబ్బా చేపలు కొనుక్కుంటున్నారు."

"ఎవరైనా అన్నారా, తినొద్దని?"

"ఎవరూ అనరు. అవి ఏం తిని పెరిగాయో అని..."

"వద్దులే నాన్నా."

"నువ్వే అడిగావు."

"నేనొకటి చెప్పాలి. కర్ర పక్కన పెట్టి విను. రేపట్నుంచి నువ్విలా రానక్కర్లేదు. వాడి కోసం వెతకాల్సిన పని లేదు."

"వెతకడం ఎప్పుడో మానేశాను."

"మానేశావా? మరి రోజూ ఎందుకు..."

"దొరికాడుగా."

"ఎవరు దొరికారు?"

"ఎవరేంటి, నీ తమ్ముడు."

"నాన్నా, ఏమంటున్నావు నువ్వు?"

"మెల్లిగా. నీళ్ళ మీద మాట దూరం పోతుంది. మే నెలలో దొరికాడు. లంక వెనక, రెల్లులో చిక్కుకుని."

"వాడేనని నీకెలా తెలుసు?"

"పసుపు వానకోటు. ఆ ఎత్తు, ఆ భుజాలు. మొన్నటి చలికాలం ముందు ఈ సరస్సులో పోయినవాడు వాడొక్కడే కదా, ఇంకెవరుంటారు?"

"ఆ కోటు ఊళ్ళో సగంమందికి ఉంది. ముఖం చూశావా?"

"చలికాలమంతా నీళ్ళలో ఉన్నవాడికి ముఖం మిగులుతుందా? అది మీ అమ్మకి చూపించమంటావా? పోలీసులు తీసుకొస్తే పెట్టె మూత తెరవమంటుంది. ఆవిడ సంగతి నాకు తెలీదా. అందుకే..."

"అందుకే ఏం చేశావు?"

"లంక మీద పాత మఠం ఉందే, ఆ గోడ పక్కన పడుకోబెట్టాను. తెడ్డుతో తవ్వాను, తర్వాత చేతుల్తో. ప్రార్థన నాకొచ్చినంత చదివాను. అప్పట్నుంచి రోజూ వచ్చి కాసేపు కూర్చుంటాను. వాడితో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

"ఆ రోజు రేవులో పోట్లాడి వాణ్ణి అన్నవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నాను. చేతకానివాడన్నాను, అది తీసుకున్నాను. తల్లి కొంగు పట్టుకు తిరుగుతావన్నాను, అదీ తీసుకున్నాను. 'మళ్ళీ నాకు నీ ముఖం చూపించకు' అన్నానే, అది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది."

"నాన్నా, నీ చేతులు ఇలా ఇవ్వు."

"తెడ్లు వదిలేశావేంటి?"

"పొద్దున నువ్వు రేవుకి వెళ్ళాక ఫోను మోగింది. అమ్మ తీసింది."

"ఎవరు?"

"కోల్మన్."

"ఏ కోల్మన్?"

"మన కోల్మనే. స్కాట్లండులో చేపల రేవులో పని చేస్తున్నాడు."

"నీళ్ళ మీద అలాంటి మాటలు అనకూడదు పిల్లా."

"నిజం నాన్నా. అమ్మతో మాట్లాడాడు, నాతో మాట్లాడాడు. కుక్క ఈనిందా అని అడిగాడు. నీతో పోట్లాడి అట్నుంచి అటే లారీ ఎక్కి పోయాడట. నీ మీద కోపంతో ఒక్క కబురు పెట్టలేదు. మనం చచ్చిపోయాడనుకున్నామని వాడికేం తెలుసు? మొన్న అక్కడి రేవులో మనూరి బార్ట్లీ కొడుకు వాణ్ణి చూసి, సిలువ గుర్తు వేసుకుని గోడకి అంటుకుపోయాడట. అప్పుడు తెలిసింది."

"పడవ బోర్లాపడి దొరికింది. వాడి పడవే."

"దాన్ని తను ముట్టుకోనే లేదట. రేవులో కట్టేసి ఉన్నది ఉన్నట్టే వదిలి వెళ్ళాడట."

"గొంతు వాడిదేనా?"

"వాడు తుమ్మినా గుర్తుపడతాను నేను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది, నిన్ను తొందరగా తీసుకురమ్మంది. ఒక్కసారిగా చెబితే నీ గుండె తట్టుకోలేదేమోనని నాకే భయమేసింది. పడవలో నెమ్మదిగా చెబుదామనుకున్నాను."

"బతికే ఉన్నాడు."

"బతికే ఉన్నాడు నాన్నా. శనివారం ఓడలో వస్తానన్నాడు. నాన్న రేవుకి వస్తాడా అని అడిగాడు."

"వస్తానని చెప్పావా?"

"చెప్పాను. పద, ఇంటికెళదాం, నేను తెడ్డు వేస్తాను. లంకవైపు ఎందుకు చూస్తున్నావు? ఇటు తిరుగు నాన్నా."

"అయితే నోరీన్, నేను మట్టి చేసింది ఎవరి కొడుకుని?"