ఎదురు పారిన వాగు: శ్రీమతి లోర్నా టెవ్లిన్ గారికి అభినందన

శ్రీమతి లోర్నా టెవ్లిన్ గారు 1998 ఫిబ్రవరి పదహారో తేదీన బ్రిస్బేన్‌లోని మా సంస్థలో చేరారు. ఆనాడు సహోద్యోగులకు వారు మొదట వినిపించినది తమ విద్యార్హతలను కాదు, తమ భర్త క్లైవ్ గారి మీద ఫిర్యాదును. ఆ మహానుభావుడు నడవని గడ్డికోత యంత్రాలను “ఎప్పటికైనా పనికొస్తాయి” అంటూ షెడ్డులో పోషిస్తున్నారట. ఇంట్లో ఒక్క మేకునైనా పారవేయించలేకపోయిన ఆ ఇల్లాలి పట్టుదల అంతా ఆఫీసులో ఫలించింది.

వాగుల ఒడ్డున నీటిమట్టం చూసి, ప్రమాదమైతే సైరన్ మోగించే చిన్న పెట్టెలను మా సంస్థ తయారుచేస్తుంది. లైనక్స్‌తో నడిచే ఆ పెట్టెల్లోని ప్రతి ప్రోగ్రామూ అక్షరం అచ్చువేయాలన్నా, గంట ఎంతైందో తెలుసుకోవాలన్నా చేయి చాచేది సి లైబ్రరీ అనే ఉమ్మడి వంటింటి వైపే. పెద్ద కంప్యూటర్ల వంటిల్లు పెళ్లివారికి వండేటంతటిది. మా పెట్టెలో అది పట్టదు. అందుచేత లోర్నా గారు ఏళ్ల తరబడి తపించి, అగ్గిపెట్టెలో చీరను మడిచినంత నేర్పుతో ఒక చిన్న లైబ్రరీని రూపొందించి, 2004లో ప్రధాన ఇంజనీరు పదవిని అలంకరించారు.

లైబ్రరీని కుదించేటప్పుడు “మరి గ్రీకు అక్షరాలో?” అని సహచరుడు డార్సీ పెంబర్ గారు అడిగితే, “వాగు గ్రీకులో పొంగుతుందా అబ్బాయ్?” అని కోసేశారు. దక్షిణాన రాష్ట్ర సరిహద్దు దాటితే వేసవిలో గడియారాలను గంట ముందుకు జరుపుతారు. మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో జరపం. కనుక ఆ లెక్కకూ కత్తెర పడింది.

2009లో టెరిబా వాగుకు ఎగువన మా వైపు ఒక పెట్టెనూ, దిగువన సరిహద్దు అవతల, విహారానికి వచ్చినవారు గుడారాలు వేసుకునే నోరీ గారి కారవాన్ పార్కులో ఒక పెట్టెనూ నిలబెట్టాము. అక్టోబరులో తొలి వాన పడగానే రెండు పెట్టెల లెక్కలూ చేరే మా ఆఫీసు పెద్ద కంప్యూటరు తెర మీద విచిత్రం: నీరు ముందు దిగువకు చేరి, తరువాత ఎగువకు వెళ్లింది!

“పెట్టెలు తారుమారయ్యాయేమో,” అన్నారు డార్సీ గారు. కాలేదు. నీటిమట్టం కొలిచే గొట్టంలో కప్ప ఉందన్నారు. ఉంది, తీసినా వాగు ఎదురెక్కుతూనే ఉంది. పటాన్ని తలకిందులు చేసి చూసినవారూ లేకపోలేదు.

“నీ లైబ్రరీలోనే ఏదో తేడా ఉంది, లోర్నా,” అన్నారు డార్సీ గారు.

“తేడా రావడానికి అందులో ఏం మిగిల్చాను గనుక?”

ఇంతలో నమ్మకం చెడిన నోరీ గారు సైరన్ తీగ పీకేశారు. శనివారం భారీ వర్షమని సూచన. వాగు ఒడ్డున పిల్లాపాపలతో గుడారాలు. ఆయనను ఒప్పించే భారం లోర్నా గారి మీద పడింది.

వారికి సంపూర్ణారోగ్యమూ, దీర్ఘాయువూ, క్లైవ్ గారితో షెడ్డు విషయంలో గౌరవప్రదమైన సంధీ సిద్ధించాలన్న మా అందరి ఆకాంక్షను ఇక్కడే విన్నవిస్తున్నాము. ఎందుకంటే ఈ వ్యాసంలో చివరి మాట వారిదే కావడం న్యాయం. ఆ రోజు ఫోనులో జరిగిన సంభాషణను గది అంతా విన్నది.

“తీగ తగిలించండి నోరీ, దయచేసి.”

“వాగు కొండెక్కుతుందనే పెట్టెను నమ్మమంటావా తల్లీ? పన్నెండైంది, నా కడుపు మాడుతోంది. పెట్టేస్తున్నా.”

“పన్నెండేమిటి? పదకొండేగా!”

“మీ ఊళ్లో పదకొండు. వేసవి వస్తోందని మేం ఆదివారమే గడియారాలు గంట ముందుకు జరుపుకున్నాం.”

లోర్నా గారు గోడ గడియారం వైపు చూశారు. సాంకేతిక లోపమని చెప్పమని పక్కనుంచి ఎవరో సైగ చేశారు. వారు పట్టించుకోలేదు.

“నోరీ, మీ గడియారం జరిగింది. నా పెట్టెకు జరపడం రాదు. మా పెద్ద కంప్యూటరేమో అదీ జరిగిందనుకుని, మీ వాగు లెక్కలో గంట తీసేస్తోంది, అందుకే నీరు ముందు మీ దగ్గరకే చేరినట్టు కనబడుతోంది. నీటిమట్టం నిజమే, సైరనూ నిజమే. తీగ తగిలించండి. పెట్టెది కాదు, కప్పది కాదు, మీది అసలే కాదు. ఆ లెక్క అక్కర్లేదని కోసి పారేసింది నేను. తప్పు నాదే.”